హాయిల్‌లో దుప్పటి... దుబాయ్‌లో చెమట!

"బావా, ఏందిది? రాత్రి పదకొండయింది. ఇంకా ఒళ్లంత చెమటే. అంగి పిండితె నీళ్లు కారుతున్నయ్."

"మా దిక్కు మంచిగనే ఉన్నది రా. తెల్లారగట్ల దుప్పటి కప్పుకుంటున్నం."

"పరాచికాలాడకు బావా. ఎడారిల దుప్పటేంది?"

సెప్టెంబర్ మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్లో జరిగిన ముచ్చట ఇది. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే మండలం. బావ సౌదీలోని హాయిల్ అవతల ఎడారి క్యాంపులో వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. బామ్మర్ది దుబాయ్‌లో సముద్రానికి దగ్గరగా కడుతున్న బిల్డింగ్ మీద స్టీల్ ఫిక్సర్. పగలు ఇద్దరికీ నలభై డిగ్రీలకు అటూ ఇటుగా ఎండ. ఇద్దరి నెత్తి మీదా ఉన్నది ఒకే సూర్యుడు. మరి పొద్దుగూకాక ఒకరికి దుప్పటి, ఇంకొకరికి చెమట ఎందుకు?

ఇదేదో పొద్దుపోక అడిగే ప్రశ్న కాదు. ఆ ఫోన్ చేసిన రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకు బామ్మర్ది సైట్ మీద కుప్పకూలాడు. మధ్యాహ్నం ఎండలో అతను పని చేయలేదు. రూల్ ప్రకారం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా షెడ్డులోనే ఉన్నాడు. అయినా పడిపోయాడు. కారణం పగటి ఎండ ఒక్కటే కాదు. అంతకుముందు మూడు రాత్రులు వాళ్ల రూంలో ఏసీ పనిచేయలేదు. ఎనిమిది మంది ఉన్న గదిలో రాత్రంతా నిద్రలేదు, ఒళ్లు చల్లబడలేదు.

అదృష్టం బాగుండి పక్కనే కడప జిల్లా పెద్దాయన ఒకరు ఉన్నారు. "ఏమప్పా, నీ పేరేంది చెప్పు?" అని అడిగితే ఆ అబ్బాయి తన పేరు తాను చెప్పలేకపోయాడు. "కండ్లు తిరిగినాయిలే, కాసేపు పడుకుంటే సరిపోతాది" అని ఎవరో అన్నా పెద్దాయన వినలేదు. నీళ్లు గుమ్మరించి అంబులెన్స్‌కు ఫోన్ చేయించారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి బామ్మర్ది బయటపడ్డాడు.

రాత్రి చల్లబడటం, చల్లబడకపోవడం వెనుక ఉన్న అసలు కథ మన తలపైన ఉన్న గాలిలో ఉంది. అది తెలుసుకుంటే ఒళ్లు కాపాడుకోవడం కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం గాలి సంగతి!

కూరలో ఉప్పంత

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్. 21 పాళ్లు ఆక్సిజన్. ఇక మిగిలిన ఒక్క పాలులో ఎక్కువ భాగం ఆర్గాన్ అనే వాయువు. అన్నీ పోగా కార్బన్ డయాక్సైడ్ ఉండేది నూటికి 0.04 పాళ్లే. అంటే పది వేల పాళ్లలో నాలుగు! ఇవి పొడిగాలి లెక్కలు. వీటికి తోడు నీటి ఆవిరి ఉంటుంది. అది చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఎండిన ఎడారిలో దాదాపు లేనట్టే. తడిసిన సముద్ర తీరంలో నూటికి నాలుగు పాళ్ల దాకా ఉండవచ్చు.

చిత్రమేమిటంటే గాలిలో దాదాపు అంతా తామే అయిన నైట్రోజన్, ఆక్సిజన్‌లకు భూమి నుంచి వచ్చే వేడిని పట్టి ఆపే గుణం లేదు. ఆ పని చేసేది కొసరుగా ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివే. ఇంత కొంచెం ఉండి అంత పని ఎలా చేస్తాయని అనుమానం రావచ్చు. కుండెడు కూరలో ఉప్పు ఎంత? వేసేది కొంచెమే. కానీ కూర రుచంతా దాని చేతిలోనే ఉంటుంది కదా!

గొంగడి చేసే పని

ఎండ మన దాకా ఎక్కువగా వెలుతురు రూపంలో వస్తుంది. ఆ వెలుతురులో నూటికి 30 పాళ్లు మబ్బులు, మంచు, ఇసుక తాకి తిరిగి అంతరిక్షంలోకి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నేలను, సముద్రాన్ని వేడెక్కిస్తుంది. వేడెక్కిన నేల ఊరికే ఉండదు. తన వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. రాత్రి పూట, పగలంతా కాలిన గోడ దగ్గర నిలబడితే మొహానికి సెగ తగులుతుంది చూశారా? అదే ఇది.

వెలుతురు రూపంలో వచ్చిన ఎండను గాలి చాలావరకు అడ్డుకోదు. కానీ సెగ రూపంలో తిరిగిపోయే వేడిని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటాయి. పట్టుకుని మళ్లీ అన్ని దిక్కులకూ వదులుతాయి. అందులో కొంత పైకి పోతుంది, కొంత తిరిగి నేలకే వస్తుంది. లోపలికి రావడం సులువు, బయటికి పోవడం ఆలస్యం. దీనినే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అంటున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో హరితగృహ ప్రభావం అని ఉంటుంది.

పేరు గ్రీన్‌హౌసే కానీ, అద్దాల గదికీ దీనికీ తేడా ఉంది. అద్దాల గది ప్రధానంగా లోపలి వేడిగాలి బయటికి పోకుండా ఆపుతుంది. ఇక్కడ ఆగేది సెగ. మన ఊళ్లో గొర్రెల కాపరి కప్పుకునే గొంగడితో పోలిస్తే ఇంకా తేలికగా అర్థమవుతుంది. గొంగడి తనంతట తాను వేడి పుట్టించదు. ఒంటి వేడి బయటికి పోకుండా చూస్తుందంతే. భూమికి గాలి కూడా అంతే.

ఈ గొంగడి లేకపోతే? భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేదని లెక్క. ఇప్పుడున్నది సుమారు 15 డిగ్రీలు. మధ్యలో ఉన్న 33 డిగ్రీల తేడా ఈ గొంగడి పుణ్యమే. అది లేకుంటే గోదావరి లేదు, వరి చేను లేదు, మనమూ లేము. కాబట్టి గ్రీన్‌హౌస్ అనగానే చెడ్డదని అనుకోవద్దు. సహజంగా ఉన్నంతవరకు అది మన ప్రాణదాత. చిక్కల్లా దాన్ని మందం చేసుకుంటూ పోవడంలోనే.

చంద్రుడు చెప్పే సాక్ష్యం

నమ్మకం కుదరకపోతే పైకి చూడండి. చంద్రుడు సూర్యుడికి ఇంచుమించు మనమున్నంత దూరంలోనే ఉన్నాడు. కానీ అక్కడ చెప్పుకోదగ్గ గాలి లేదు. అందుకే పగలు వంద డిగ్రీలు దాటి కాలుతుంది. రాత్రి మైనస్ వంద డిగ్రీల కంటే కిందికి దిగిపోతుంది. అక్కడి పగలూ రాత్రీ మన లెక్కలో రెండేసి వారాలు సాగడం కూడా ఒక కారణమే అనుకోండి. అయినా కప్పుకోవడానికి ఏమీ లేకపోవడం అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

ఇటు అంగారకుడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. కానీ ఆ గాలి చాలా పల్చన. దాని ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో వందో వంతు కూడా ఉండదు. చిరిగిన గొంగడి అన్నమాట! అక్కడ సగటు మైనస్ 60 డిగ్రీల ప్రాంతం. అటు శుక్రుడి చుట్టూ మన గాలికి తొంభై రెట్లు ఒత్తిడి ఉన్న గాలి, అందులో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. నేల మీద సుమారు 460 డిగ్రీలు. సీసం కరిగిపోయే వేడి! గొంగడి పల్చనైనా కష్టమే, మరీ మందమైనా కష్టమే.

ఎవరు కనిపెట్టారు?

ఇది నిన్నో మొన్నో పుట్టిన మాట కాదు. 1824లోనే ఫ్రాన్స్ దేశపు గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్, గాలి భూమిని వెచ్చగా ఉంచుతోందని గుర్తించాడు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టింది. తేమగాలి, కార్బన్ డయాక్సైడ్ ఉన్నవి ఎక్కువ వేడెక్కడం గమనించింది. ఆమె పత్రాన్ని శాస్త్రవేత్తల సభలో వేరొకరు చదివి వినిపించారు. తర్వాత ఆమె పేరే చాలాకాలం మరుగున పడిపోయింది.

1859లో లండన్‌లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత సెగను పట్టుకుంటుందో కొలిచి చూపించాడు. అందరికంటే బలమైనది నీటి ఆవిరి అని తేల్చాడు. ఒక్క వేసవి రాత్రి గాలిలోంచి ఆవిరి మాయమైతే ఇంగ్లండ్‌లో చలికి తట్టుకోలేని మొక్కలన్నీ చచ్చిపోతాయని చెప్పింది ఆయనే. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్కలు కట్టాడు.

ఇప్పుడు బావ, బామ్మర్దుల సంగతి

గ్రీన్‌హౌస్ పనిలో సుమారు సగం నీటి ఆవిరిది. మరో పావు వంతు మబ్బులది. ఐదో వంతు దాకా కార్బన్ డయాక్సైడ్‌ది. కార్బన్ డయాక్సైడ్ హాయిల్‌లోనైనా, దుబాయ్‌లోనైనా దాదాపు ఒక్కటే. తేడా అంతా ఆవిరిలో ఉంది.

హాయిల్ గాలి ఎండు గాలి. పైన మబ్బు ఉండదు. పగలు కాలిన ఇసుక రాత్రి కాగానే తన సెగను పైకి వదిలేస్తుంది, ఆపేవాడు తక్కువ. అక్కడ గొంగడి పల్చన. పైగా హాయిల్ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అది కూడా కలిసొస్తుంది. అందుకే తెల్లారగట్ల బావకు దుప్పటి కావాలి.

దుబాయ్, దోహా, దమ్మామ్, మనామా... ఇవన్నీ గల్ఫ్ సముద్రం ఒడ్డున ఉన్నవి. ఆ సముద్రం లోతు సగటున 35 మీటర్లే. లోతు లేని నీళ్లు కాబట్టి వేసవిలో పైనీళ్లు 34, 35 డిగ్రీల దాకా కాగుతాయి. పొయ్యి మీద పెట్టిన కాగు లాగా ఆవిరి పైకి లేస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి రాత్రంతా నేల సెగను ఆపుతుంది. సముద్రం తన వేడిని మెల్లగా వదులుతుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు గోడలు కూడా అంతే. ఇక చల్లబడేదెప్పుడు?

2003 జూలై 8న సౌదీలోని దహ్రాన్‌లో గాలి తేమను చెప్పే మంచు బిందువు 35 డిగ్రీలు నమోదైంది. అంటే 35 డిగ్రీల వస్తువు మీద కూడా నీళ్లు కట్టేంత తడి గాలి! 2018 జూన్‌లో ఒమన్ తీరంలోని ఖురయ్యాత్‌లో ఒక రోజంతా, రాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఇక్కడ మాత్రం తేమతో పాటు కొండల మీదుగా దిగే వేడిగాలి కూడా తోడైంది.

ఇదంతా మన ఊళ్లో తెలియని సంగతేమీ కాదు. సంక్రాంతి ముందు ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి చంపేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గుతుంది. వానకు ముందు రాత్రి ఉక్కపోత. మన పెద్దలకు సైన్సు పేరు తెలియకపోవచ్చు గానీ గొంగడి ఎప్పుడు మందమో, ఎప్పుడు పల్చనో తెలుసు.

రెండు దెబ్బలు

తీరంలో పనిచేసేవారికి ఆవిరి రెండు దెబ్బలు కొడుతుంది. ఒకటి పైన చెప్పుకున్నది, రాత్రి నేలను చల్లబడనివ్వదు. రెండోది, మన ఒంటినీ చల్లబడనివ్వదు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. చెమట ఆరితేనే చల్లబడుతుంది. గాలి ముందే ఆవిరితో నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు.

అందుకే ఉత్త థర్మామీటర్ చూసి మోసపోవద్దు. 45 డిగ్రీల ఎండుగాలి కంటే 38 డిగ్రీల తడిగాలి ప్రమాదం కావచ్చు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వేడిని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా ఎక్కువ గంటలు బతకడం కష్టమని 2010లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆరోగ్యవంతులైన యువకులకు కూడా ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే మొదలు కావచ్చని తర్వాతి పరీక్షల్లో తేలింది. కష్టపడి పనిచేసేవారికి ఇంకా తక్కువలోనే ముప్పు.

పగలు ఒంటికి ఎక్కిన వేడి రాత్రి దిగాలి. అది దిగకుండానే మర్నాడు డ్యూటీకి పోతే, ముందు రోజు బాకీ మీద కొత్త బాకీ ఎక్కినట్టే. మన బామ్మర్దికి జరిగింది ఇదే.

గొంగడి మందమవుతోంది

ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు అది 315 దగ్గర ఉంది. 2024లో 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు తగలబెట్టడమే దీనికి ప్రధాన కారణం. 2024లో భూమి సగటు వేడి పాతకాలం కంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా నమోదైంది.

ఒకటిన్నర డిగ్రీ ఏపాటిది అనుకోవద్దు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. ఆ ఆవిరి మళ్లీ గొంగడిని మందం చేస్తుంది. నీటి ఆవిరి గాలిలో పది రోజుల లోపే వానగానో మంచుగానో దిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, అందులో కొంత భాగం వందల ఏళ్లు ఉండిపోతుంది. అందుకే పెత్తనం దానిది, ఆవిరిది దాని వెనక నడక. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఇంటి దగ్గర మాత్రం తక్కువా? 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యికి పైగా జనం పోయారు. అందులో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లే.

మరో మాట. ఓజోన్ పొరకు చిల్లు పడటం వల్లే వేడి పెరుగుతోందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఓజోన్ పొర సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. ఇప్పుడు మనం చెప్పుకుంటున్నది భూమి నుంచి పోయే సెగను ఆపే సంగతి.

మనం చేయగలిగింది

గొంగడిని పల్చన చేయడం మన ఒక్కరి చేతిలో లేదు. మన ఒళ్లు కాపాడుకోవడం మాత్రం కొంత మన చేతిలో ఉంది.

మధ్యాహ్నం విరామం మీ హక్కు. బయట ఎండలో పనిచేయించకూడని వేళలు ఇవి:
యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, 12.30 నుంచి 3 దాకా.
సౌదీలో అవే తేదీలు, 12 నుంచి 3 దాకా.
ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి 3.30 దాకా.
కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు, 11 నుంచి 4 దాకా.
ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు, 12.30 నుంచి 3.30 దాకా.
బహ్రెయిన్‌లో 12 నుంచి 4 దాకా. 2025 నుంచి దీన్ని మూడు నెలలకు పెంచారు.

ఖతర్‌లో ఇంకో రూల్ ఉంది. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా బయట పని ఆపాలి. కొలవాల్సింది అలాగే. ఎందుకంటే సాయంత్రం ఎండ తగ్గినా తేమ తగ్గదు.

దాహం వేసేదాకా ఆగవద్దు. పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి. చెమట బాగా పోయిన రోజు ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన మజ్జిగ గానీ తీసుకోవాలి. కొత్తగా వచ్చినవారు, ఊరికి పోయి వచ్చినవారు మొదటి వారం చాలా జాగ్రత్త. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది.

రూంలో ఏసీ చెడిపోతే సర్దుకుపోదాంలే అనుకోవద్దు. అదే రోజు క్యాంప్ బాస్‌కు చెప్పండి. బాగయ్యేదాకా వేరే గదిలో పడుకోనివ్వమని అందరూ కలిసి అడగండి. ఏసీ విలాసం కాదు, పగటి వేడి దిగడానికి ఉన్న ఒక్క దారి. నిద్రలేకుండా డ్యూటీకి వచ్చిన తోటివాడి మీద ఒక కన్నేసి ఉంచండి.

మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా, పేరూ ఊరూ చెప్పలేకపోయినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు, చెమట పడుతూ కూడా వడదెబ్బ తగలవచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. ఐస్ ఉంటే మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. అంబులెన్స్ కోసం యూఏఈలో 998, సౌదీలో 997, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999. ఫోన్లో సేవ్ చేసుకోండి. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపవద్దు. ప్రాణం నిలిచేది ఆ నిమిషాల్లోనే.

ఆస్పత్రి నుంచి రూంకు వచ్చిన రాత్రి బామ్మర్ది మళ్లీ బావకు ఫోన్ చేశాడట.

"బావా, ఏసీ బాగు చేసిన్రు. ఇయ్యాల మంచిగ నిద్రవడ్తది."

"మంచిదిరా. మీ అక్కకు మాత్రం ఇప్పుడే ఏం చెప్పకు, బెంగటిల్లుతది. అక్కడ గొంగడి మందం ఉన్నదట. నువ్వు పైలం."